బీ సెక్షన్ కాపీలు

"ఏం పనుంటది నీకు పగటిపూట? జర ఈ కాపీలు దిద్దిపెట్టు."

లక్ష్మీనారాయణ సార్ ఈ మాట మొదటిసారి అన్నది డెబ్భై రెండులో. సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతున్న బట్టసంచి తీసి వంటింటి గడప మీద పెట్టి అన్నాడు. అప్పటికి సోమలక్ష్మి చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. పొయ్యి మీద అత్తగారి స్నానానికి నీళ్లు మరుగుతున్నాయి. పెరట్లో రెండు బకెట్ల బట్టలు నానుతున్నాయి. కడుపులో పెద్దపిల్లకు ఆరో నెల. నిజమే, పగటిపూట ఆమెకేం పని? సంచిలో ఏడో తరగతి రెండు సెక్షన్ల పిల్లల నోటుబుక్కులున్నాయి. సార్ తరగతిలో మాటలు ఒక్కొక్కటే పలుకుతాడు, పిల్లలు చెవితో విని చేత్తో రాస్తారు. డిక్టేషన్ అంటారు దాన్ని. తప్పు రాసిన మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. ఆ చుట్టే పని ఆమెది. అట్ట మీద 'చూశాను' అని సంతకం పెట్టే పని ఆయనది. "సున్నాలు చుట్టుడే గదా, దానికి పెద్ద చదువెందుకు? ఏడో తరగతి పాసయినవ్, సాలు" అన్నాడు. అత్తగారు ఒక నోటితో "మొగడు నమ్మి పని చెప్పిండు, అదృష్టమనుకో" అంది, అదే నోటితో గంట తర్వాత "ఆ కాయితాలు ముందలేసుకొని కూసుంటె బియ్యం ఎవలు చెరగాలె?" అని కూడా అంది. వరంగల్ గిర్మాజీపేటలో కిరాణా దుకాణం నడిపే కుటుంబం వాళ్లది. ఏ వస్తువూ వృథా పోనివ్వరు. కోడలి పగటిపూటను మాత్రం ఎందుకు పోనిస్తారు?

ఎర్ర సిరా సంగతి సోమలక్ష్మికి అంతకు ముందే తెలుసు. పెళ్లయిన తొలి శ్రావణంలో పుట్టిల్లు పాలకుర్తికి పోయి, అక్కడి నుంచి మొగుడికి ఒక ఉత్తరం రాసింది. ఆమె జీవితంలో ఒక మగవాడికి రాసిన మొట్టమొదటి ఉత్తరం. మూడు కాగితాలు చింపి నాలుగో కాగితం మీద రాసింది. వారం లోపలే కవరు వచ్చింది. గబగబా తీసుకుపోయి వడ్ల గుమ్మి చాటున నిలబడి విప్పింది. జవాబు కాదు. తన ఉత్తరమే తిరిగి వచ్చింది, పందొమ్మిది ఎర్ర సున్నాలతో. 'మీరు యాదికొస్తున్నరు' అన్న మాటకు కూడా సున్నా చుట్టి పక్కన 'గ్రామ్యం' అని రాశాడు. కింద 'అక్షరదోషములు సవరించుకొనుము' అని సంతకం. తర్వాత చాలా ఏళ్లు ఆయన స్నేహితులొచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పి నవ్వించేవాడు. ఆమె చాయ్ గ్లాసులు పట్టుకొచ్చి, ఆ నవ్వులో తన వంతు నవ్వు కూడా నవ్వి పోయేది. నవ్వకపోతే "దానికి హాస్యం తెల్వది" అనేవాడు.

ఆ ఉత్తరాన్ని ఆమె చింపలేదు. సున్నా చుట్టిన ఒక్కొక్క మాటను చూస్తూ, ఇది ఎందుకు తప్పయింది అని ఆలోచించింది. తప్పని చెప్పాడు సరే, ఎందుకు తప్పో చెప్పలేదు కదా! అందుకే డెబ్భై రెండులో మొదటి సంచి విప్పినప్పుడు ఆ పిల్లల తప్పులు చూసి ఆమెకు నవ్వు రాలేదు. అన్నీ తెలిసిన తప్పులే. కాల్లు, వేల్లు, తేల్లు. ముక్యం. పాటశాల. సార్ లెక్క ప్రకారం ఇదంతా పిల్లల అశ్రద్ధ. "పదిసార్లు రాపిస్తే అదే వస్తది" అనేవాడు. పిల్లలు పదిసార్లు రాసేవాళ్లు. 'కాళ్లు' అని పదిసార్లు రాసిన పిల్ల మరుసటి వారం 'కాళ్లు' సరిగ్గానే రాసి, పక్కనే 'వేల్లు' అని రాసేది. మళ్లీ పదిసార్లు. లోకంలో ఉన్న మాటలన్నీ పదేసి సార్లు రాయాలంటే ఏ పిల్లకు ఎన్ని జన్మలు కావాలి?

ఆమెకు తోచింది ఇదీ. పిల్లలు చెవితో రాస్తున్నారు. వరంగల్ చెవికి 'ల' వేరు, 'ళ' వేరు కాదు. 'క' వేరు, 'ఖ' వేరు కాదు. చెవి మోసం చేసిన చోట ఆదుకునేది ఇంకొకటి ఉంది, అది ప్రతి పిల్లకూ తెలుసు, తెలుసని ఆ పిల్లకే తెలియదు. మాటలో మాట ఉంటుందని. కాలు ఒకటైతే కాలు, రెండైతే కాళ్లు. వేలు కూడా ఆ ఇంటిదే, తేలు కూడా ఆ ఇంటిదే. ముఖం అని రాయడం వచ్చిన పిల్లకు ముఖ్యం లోపల ఆ ముఖం కూర్చుని ఉందని ఒక్కసారి చూపిస్తే చాలు, ప్రముఖులను కూడా తానే పట్టుకొస్తుంది. పిల్లకు కొత్తగా ఏమీ నేర్పనక్కరలేదు. మాటను కీలు దగ్గర విప్పి, ఇది ఎవరింటిదో చూడు అనాలి, అంతే. కోడి మాంసం కోసేవాడు ఎముక మీద కొట్టడు, కీలు మీద కొడతాడు.

అలా ఎర్ర సున్నా పక్కన పెన్సిల్‌తో సన్నగా రాయడం మొదలుపెట్టింది. సిరా సార్‌ది కదా, పెన్సిల్ అయితే తనది. 'కాలు ఒకటి, కాళ్లు రెండు. వేలు ఒకటి. మరి రెండైతే?' అని రాస్తే వచ్చే వారం దాని కింద వంకర అక్షరాలతో 'వేళ్లు' అని జవాబు వచ్చింది. ఆ రోజు ఆమెకు పొయ్యి మీద పాలు పొంగిన సంగతి కూడా తెలియలేదు. 'బడిలో పాట పాడుతారా, పాఠం చెప్తారా?' అని రాస్తే ఒక పిల్ల 'రెండూ' అని రాసింది. సోమలక్ష్మి పకపకా నవ్వితే అత్తగారు తొంగిచూసి "ఏమైందే, తిక్క లేసిందా?" అంది. ఒక్క పిల్ల మొహమూ చూడకుండా, అక్షరాల వంకరలతోనే వాళ్లను గుర్తుపడుతూ ఆమె పదేళ్లు చదువు చెప్పింది. సార్‌కు తెలియదు. దాచిందేమీ లేదు. ఆయన కాపీ తెరిచే మనిషి కాడు.

ఎనభై ఒకటి వేసవిలో తెలిసింది. ఆ ఏడు కూడా కామన్ పరీక్షలో ఆ బడి ఏడో తరగతికి తెలుగులో మంచి మార్కులొస్తే, హెడ్మాస్టర్ ఒక కాపీ తెరిచి "ఈ పెన్సిల్ రాతేందయ్యా, ఇదేం పద్ధతి?" అని మెచ్చుకోలుగా అడిగాడట. సార్ ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే "నా కాపీలల్ల పిచ్చిరాతలు రాయమని ఎవరన్నరు నిన్ను?" అని అరిచాడు. వారం తిరిగేసరికి అరుపు పోయింది. ఆయన అప్పటికే ఎం.ఎడ్. పరీక్షలన్నీ రాసి, పరిశోధన పుస్తకం ఒక్కటి రాయలేక రెండేళ్లుగా ఆగిపోయాడు. తన తర్వాత కొలువులో చేరినవాళ్లు ఎం.ఎడ్. పట్టా చూపి ప్రమోషన్లు తీసుకుంటుంటే లోపల ఉడికిపోయేవాడు. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, పెళ్లయిన తర్వాత మొదటిసారి ఆమెను అడిగాడు. "ఏందే అది, జర మొదటినుంచి చెప్పు." ఆమె చెప్పింది. పిండి చేతులతోనే, కళ్లు మెరుస్తుండగా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆయన రాసుకున్నాడు. తన మాటలను ఆయన రాసుకుంటున్నాడన్న సంతోషంలో, ఎవరి పేరుతో రాసుకుంటున్నాడో ఆమె అడగలేదు.

జూన్‌లో గైడ్ రాజేశ్వర్ రావు భోజనానికి వచ్చాడు. పరిశోధన ఎలా చేయాలో చెప్పే పెద్దసారు ఆయన. సోమలక్ష్మి వడ్డిస్తోంది.

"మంచి ఆలోచనయ్యా, నీకెట్ల తట్టింది?" అని ఆయన అడిగాడు.

"అనుభవం సార్. పదేండ్ల అనుభవం" అన్నాడు లక్ష్మీనారాయణ సార్.

పదేళ్లన్నది నిజమే.

"అయితే ఒకటి చెయ్యి. ఈ ఏడు ఒక సెక్షన్‌కు నీ పద్ధతి పెట్టు, ఇంకో సెక్షన్‌కు పెట్టకు. వాళ్లకు వట్టి సున్నాలే. ఏప్రిల్‌ల కామన్ పరీక్ష ఉంటది గదా, దాంట్ల తెలుగు మార్కులు రెండూ పక్కపక్కన పెట్టు. పేపర్లు దిద్దేది బయటోళ్లు గనుక ఎవ్వరూ అనుమానించరు. తేడా వస్తే నీ పుస్తకం నిలుస్తది. రాకపోతే పద్ధతి వట్టిదని తేలినట్టు."

"రెండో సెక్షన్ పిల్లలకు అన్యాయం గాదా?" గంటె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న ఆడమనిషి నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఇద్దరూ తలెత్తి చూశారు. గైడ్ దయగా నవ్వాడు.

"అమ్మా, పప్పు మస్తుంది. జర ఇంకొంచెం వెయ్యి."

వేసింది. ఆయన వెళ్లాక మొగుడు అన్నది ఒకటే మాట. "మొగోళ్లు మాట్లాడుకునే కాడ నీ నోరెందుకు లేస్తది?" తర్వాత గొంతు తగ్గించి పని చెప్పాడు. 'ఏ' సెక్షన్ కాపీల్లో ఎప్పటిలా రాయాలి. బీ సెక్షన్ కాపీల్లో సున్నా చుట్టి ఊరుకోవాలి. ఒక్క పెన్సిల్ గీత కూడా పడకూడదు. సంచులు కూడా రెండయ్యాయి, 'ఏ'కు నీలం, 'బీ'కి తెలుపు.

ఇక్కడ ఆమెను మరీ అమాయకురాలని అనుకోవద్దు. మొగుడు చెప్పాడు కాబట్టి చేసింది, భయపడి చేసింది అంటే సగమే నిజం. మిగతా సగం చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గుగా ఉండేది. తేడా రావాలని ఆమెకు కూడా కోరికగా ఉంది. వంటింట్లో కూర్చుని తాను కనిపెట్టిన సంగతి నిజమని అచ్చు పుస్తకం చెప్పాలని, మొగుడి పేరుతోనైనా సరే చెప్పాలని, ఆ పుస్తకాన్ని తాను ఎప్పుడో పప్పు డబ్బా పక్కన పెట్టుకుని తిరగేయాలని ఆశపడింది. ఏడో తరగతితో చదువు మాన్పించి పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన మనిషికి ఆ మాత్రం ఆశ ఉండొద్దా? అందుకని వారం వారం తెల్లసంచి విప్పేది, సున్నాలు చుట్టేది, మూసేది. కొన్ని కాపీల దగ్గర చెయ్యి ఆగేది. ఒక పేజీలో 'ముఖం' సరిగ్గా ఉండి దాని కింద వరుసలోనే 'ముక్యం' ఉండేది. ఒక్క మాట చాలు, ఒక్క పెన్సిల్ మాట. రాయకుండా పేజీ తిప్పేది. డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలో 'ఏ' సెక్షన్ మార్కులు ఎక్కడో ఉంటే బీ సెక్షన్ మార్కులు ఎక్కడో ఉన్నాయి. సార్ ఆ పట్టిక గీసుకుని ఇల్లంతా ఈలవేస్తూ తిరిగాడు, పిల్లలకు జిలేబీ తెచ్చాడు. సోమలక్ష్మి ఆ పట్టిక చూసి సంతోషపడింది. కళ్లనిండా చూసి సంతోషపడింది. జిలేబీ నోట్లో ఉండగానే, ఇంతమంది పిల్లలు తప్పినందుకా నాకు ఈ సంబరం అన్న ఆలోచన వచ్చి, చేతిలో మిగిలిన ముక్కను పిల్లల పళ్లెంలో వేసేసింది.

జనవరిలో బీ సెక్షన్ కాపీ ఒకటి తెరిస్తే లోపలినుంచి మిరపగింజలు రాలాయి. నాలుగు తుమ్ములు వచ్చాయి. మరుసటి వారం కూడా అంతే. పేరు చూస్తే సమ్మమ్మ. ఆ అక్షరాలు జూన్ నుంచి ఆమెకు తెలుసు, నిటారుగా, గట్టిగా అదిమి రాసిన అక్షరాలు. ఇప్పుడు అవి వణుకుతున్నాయి, వరుస తప్పుతున్నాయి. మార్కెట్లోకి మిర్చి బస్తాలు దిగే కాలం అది. ఆడవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుపోయి కుప్పల దగ్గర కూర్చుని తొడిమెలు తీస్తారు. ఆ చేతులతోనే ఈ పిల్ల పెన్ను పడుతోందన్నమాట. సోమలక్ష్మి ఆ కాపీలో కూడా ఏడు సున్నాలు చుట్టి, గింజలు దులిపి పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున ఆ పిల్లే గుమ్మం ముందు నిలబడింది. సార్ హన్మకొండ పోయాడు. అత్తగారు పూజలో ఉంది. పన్నెండేళ్లుంటాయి, చేతులు రెండూ లంగా మడతల్లో దాచుకుంది.

"అమ్మా, లక్ష్మీనారాయణ సార్ ఇల్లు ఇదేనా?"

"ఇదే. సార్ లేడు బిడ్డా."

"సార్ కోసం రాలేదమ్మా. నేను సమ్మమ్మను, ఏడో తరగతి బీ సెక్షన్. 'ఏ' సెక్షనోళ్ల కాపీలల్ల పెన్సిల్‌తోని రాసేది మీరేనట గదా, మీ వాడల ఉండే ఆ సెక్షన్ కమల చెప్పింది."

"ఆఁ, నేనే."

"మరి మాకెందుకు రాస్తలేరు?"

సోమలక్ష్మి దగ్గర ఉన్న జవాబు ఆ పిల్లకు చెప్పేది కాదు. పిల్ల ఆగలేదు. బహుశా దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలేమో, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మాకు సున్నాలే ఉంటున్నయి. తప్పని తెలుస్తాంది గని ఎందుకు తప్పో తెలుస్తలేదు. కమల కాపీ చూస్కుందామంటె ఇస్తలేదు. మమ్ముల మొద్దు సెక్షన్ అంటాండ్రు. సార్ గూడ అంటాండు. ఏడో తరగతి తప్పితె మా నాయన ఇగ పంపడట. మా నాయన యాకయ్య, మార్కెట్ల హమాలి. మాది ములుగు దిక్కు. అమ్మతోని తొడిమెలు దియ్యబొమ్మంటాండు."

"ఏవీ, చేతులు చూపియ్యి."

చూపించింది. వేళ్ల చివర్లు ఉబ్బి, తోలు లేచి, ఎర్రగా మండుతున్నాయి. సోమలక్ష్మి లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చింది. పిల్ల చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దమ్మా, కాపీ మీద మరకలు పడ్తయి. హోమ్‌వర్క్ రాసేదున్నది."

సోమలక్ష్మి సీసా పక్కన పెట్టి గుమ్మం మెట్టు మీదే కూర్చుంది. "ఇట్ల కూసో" అంది. కూర్చోబెట్టి అడిగింది. "కాలు ఒకటి. రెండైతే ఎట్ల రాస్తవ్?" పిల్ల మట్టిలో పుల్లతో రాసింది. 'కాళ్లు' అని, సరిగ్గా. "తేలు ఒకటి కుట్టింది. రెండుంటే?" పిల్ల 'తేల్లు' అని రాయబోయి ఆగింది. కాళ్లు వైపు చూసింది. నెమ్మదిగా 'తేళ్లు' అని రాసింది. అడగకుండానే పక్కన 'వేళ్లు' రాసింది, 'నాగళ్లు' రాసింది. నాగలి అని సోమలక్ష్మి చెప్పనేలేదు. అది ఆ పిల్ల ఊరి మాట, ఆ పిల్లే తెచ్చుకుంది. తలెత్తి చూసింది.

"గింతేనా అమ్మా?"

"గింతే బిడ్డా."

"గింతదానికి ఏడు నెలలసంది ఎందుకు చెప్పలేదు?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కోపంగా అడిగి ఉంటే సోమలక్ష్మికి ఎంతో మేలుగా ఉండేది.

పిల్ల వెళ్లిపోయాక ఆమె అక్కడే కూర్చుంది. లోపలినుంచి అత్తగారు హారతికి పిలుస్తోంది, పొయ్యి ఆరిపోతోంది. ఏడు నెలలు. ఆ పిల్ల కాపీలో ఏడు నెలలు తన చేత్తోనే సున్నాలు చుట్టింది, ఇంకెవరి చేత్తోనూ కాదు. ఎందుకు తప్పో చెప్పకుండా తప్పని మాత్రమే చెప్పేవాళ్లంటే తనకెంత మంట! ఆ మంటతోనే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఇప్పుడు తానే ఆ పని చేస్తోంది, అచ్చులో తన ఆలోచన చూసుకోవాలని. రెండు సెక్షన్లకూ రాస్తే తేడా రాదు. తేడా రాకపోతే పద్ధతి వట్టిదని తేలుతుంది, పుస్తకంలో అలాగే అచ్చవుతుంది. పదేళ్ల తన పని పనికిరానిదని నల్లని అక్షరాలతో ఎక్కడో బీరువాలో ఉండిపోతుంది, ఎవరైనా చదివితే అదే నిజమనుకుంటారు. ఈ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలియక చేసిందని తర్వాత ఎవరూ అనడానికి లేదు. అత్తగారు స్వయంగా బయటికొచ్చి "చెవులు వినొస్తలేవా?" అనేదాకా కూర్చుంది. లేచి హారతి కళ్లకద్దుకుంది. పొయ్యి ఊది అంటించింది. బియ్యం కడిగి ఎసట్లో పోసింది. తర్వాత తెల్లసంచి విప్పి, మొదటి కాపీ తీసి, పెన్సిల్ చెక్కుకుంది.

ఏడు నెలల పని మూడు నెలల్లో చేయాలి. పాత పేజీలకు వెనక్కి పోయి ప్రతి సున్నా పక్కనా రాసింది. పొయ్యి ముందు రాసింది, బావి గట్టు మీద రాసింది, చిన్నపిల్లాడిని కాళ్ల మీద వేసుకుని ఊపుతూ రాసింది. ఆ మూడు నెలలు ఆ ఇంట్లో పప్పులో రాళ్లు పంటికింద పడ్డాయి. "ఏంది సోమలక్ష్మీ, కండ్లు కనవడ్తలేవా?" అని అత్తగారంటే, "కనవడ్తలేవత్తమ్మా" అంది. బీ సెక్షన్ పిల్లలు మొదట బిత్తరపోయారు, జవాబు రాయలేదు. రెండో వారం నలుగురు రాశారు. శివరాత్రి దాటేసరికి అందరూ రాశారు. అడగని మాటలను కూడా ఇంటి నుంచి పట్టుకొచ్చి ఇది ఎవరింటిదమ్మా అని రాశారు. ఒకడు తన చెల్లెలి పేరు కూడా రాసి అడిగాడు. సార్ ఎప్పటిలాగే అట్టల మీద 'చూశాను' అని సంతకాలు పెట్టాడు.

మే నెలలో కామన్ పరీక్ష మార్కులొచ్చాయి. సోమలక్ష్మి మామిడికాయ ముక్కలకు కారం కలుపుతోంది. పొద్దున బడికి పోయిన మొగుడు ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, మార్కుల కాగితాలు వరండాలో పరుచుకుని కూర్చున్నాడు. కూడాడు. మళ్లీ కూడాడు. రెండు సెక్షన్లూ సమానంగా ఉన్నాయి. బీ సెక్షన్‌దే ఒక వీసమెత్తు ఎక్కువ. లేచి మళ్లీ బడికి పోయాడు. గంటకు తిరిగి వచ్చాడు, చేతిలో బీ సెక్షన్ కాపీల కట్ట. అరుగు మీద నిలబడే ఒకటి తెరిచాడు. ఇంకొకటి తెరిచాడు. కారం చేతులతో గుమ్మంలోకి వచ్చిన సోమలక్ష్మి చూస్తూ నిలబడింది. ఆయన కాపీలు తెరవడం ఆమె చూడడం అదే మొదలు.

"ఇది నీ రాతనే గదా?"

"నాదే."

"వద్దన్నగదనే! ఒక్క గీత పడొద్దన్న గదా!"

"అన్నరు. నేనే రాసిన."

"తెలిసే రాసినవా?"

"తెలిసే రాసిన. ఆ మార్కుల కాయితంల సమ్మమ్మ అని ఉంటది, పాసయిందా?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కానీ చెయ్యి అలవాటుకొద్దీ కాగితం మీదికి పోయింది. "ఎవతో సమ్మమ్మ... పాసయింది. ఏందిప్పుడు దాని గోల?" అని, కట్టను అరుగు మీదికి విసిరాడు. "నా ఏడాది నాశనం జేసినవ్ గదనే!"

"వాళ్లకు గూడ అది ఏడాదేనండి" అంది సోమలక్ష్మి.

అత్తగారు లోపలినుంచి వచ్చి "ఏమైందిరా, ఏం జేసిందిరా?" అని అడుగుతోంది. ఆయన తల్లి వైపు చూడలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆ క్షణంలో నిజంగానే జాలిగొలిపేలా ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఇంకొకరి పని మీద కట్టుకున్న ఇల్లు కూలితే ఏం చేయాలో తెలియని మనిషి. సోమలక్ష్మికి జాలి కలిగింది కూడా. కానీ ఆ జాలి ఆమెను అక్కడినుంచి కదిలించలేదు.

"గైడ్ సార్‌కు నేనేం చెప్పాలె? నీ పద్ధతితోని ఏం ఫాయిదా లేదని రాయాలె. అచ్చుల గట్లనే ఉంటది, జిందగీ అంత ఉంటది. నీ పద్ధతి వట్టిది అని. గిదేనా నీకు కావల్సింది?"

నీ పద్ధతి. హెడ్మాస్టర్ అడిగిన రోజున అవి పిచ్చిరాతలు. గైడ్ ముందు నా పద్ధతి. పుస్తకం అట్ట మీదికి ఆయన పేరుతో ఎక్కబోయిన పద్ధతి. ఓడిపోయిందని తేలిన రోజున, పదేళ్ల తర్వాత, ఆయన నోటితోనే అది తనదయింది. ఎగిరి గంతేయాలనిపించలేదు, ఏడుపూ రాలేదు. తన వస్తువు తన చేతికి వచ్చింది, అంతే. చేతులకంటిన కారం మండుతోంది. కొంగుకు తుడుచుకుని, అరుగు మీద చెల్లాచెదురైన కాపీలను ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి, వరుసగా పేర్చి ఆయన పక్కన పెట్టింది.

"రాయుండ్రి" అంది. "వట్టిదనే రాయుండ్రి. జూన్ నుంచి మాత్రం నాకు కాపీలు తేకుండ్రి. పిల్లలనే ఇంటికి తోలుండ్రి. రెండు సెక్షన్లను."